కొత్త రాక్స్ ఫోర్ బై ఫోర్: షోరూమ్ ప్యాకేజీలో ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మహీంద్రా థార్ రాక్స్ డీజిల్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే రకం), మాన్యువల్ గేరు బండి తీసుకోబోతున్నారు. అందులో ఎంఎక్స్5 వేరియంటు తీసుకోవాలా, దాని పై వేరియంటు ఏఎక్స్7ఎల్ తీసుకోవాలా అన్నది ఒక సందేహం. రెండోది, షోరూమ్ వాళ్లు చెప్పిన లక్షా ముప్పై అయిదు వేల ప్యాకేజీ. అందులో బుల్ గార్డు, సైడ్ స్టెప్పులు, రూఫ్ క్యారియరు, పైన ఎల్ఈడీ బారు, అండర్ బాడీ కోటింగు, సీట్ కవర్లు ఉన్నాయి. వారానికి రెండుసార్లు రాజమండ్రి నుంచి లంకలో కొబ్బరితోటకి, నెలకోసారి మారేడుమిల్లి వైపు వెళ్తారు, మిగతాదంతా హైవే. బండి ధర కాక విడిగా పెట్టగలిగింది లక్షన్నర.

నా సమాధానం: ఎంఎక్స్5 తీసుకోండి. ప్యాకేజీ మొత్తం వద్దని చెప్పండి. ఆ లక్షన్నరలో ముందు గాలి దించి ఎక్కించే సామాను, తర్వాత దిగబడితే లాగే సామాను, ఆ తర్వాత బండి పొట్ట కింద ప్లేట్లు, పక్కల స్లైడర్లు (గుమ్మం కింద దెబ్బ కాసే గట్టి గొట్టాలు) కొనండి. ఇవన్నీ కొన్నా కొంత మిగులుతుంది. దాన్ని కంపెనీ టైర్లు అరిగాక మంచి ఆల్ టెర్రైన్ టైర్లకి (రోడ్డుకీ మట్టిదారికీ పనికొచ్చేవి) దాచుకోండి.

ఎందుకో చెప్తాను.

కొత్త బండి కొనేటప్పుడు ఒక లెక్క గుర్తుంటే చాలు. బోల్టుతో బిగించేది ఏదైనా ఆరు నెలల తర్వాత కొనుక్కోవచ్చు. గేర్‌బాక్సులో, యాక్సిల్లో, డాష్‌బోర్డు వెనక ఉండేది మాత్రం ఫ్యాక్టరీలో పడకపోతే ఇక పడదు. ఫోర్ బై ఫోర్, లో రేంజి (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేర్లు), వెనక డిఫరెన్షియల్ లాకు, ఎయిర్‌బ్యాగులు ఆ కోవలోవి. రాక్స్‌లో ఫోర్ బై ఫోర్ డీజిల్‌కే ఉంది, వెనక లాకు ఎలక్ట్రానిక్‌ది. మీరు బుక్ చేసే వేరియంట్‌కి అది ఉందని బ్రోచర్‌లో వేలు పెట్టి చూపించమనండి, సేల్స్ కుర్రాడి నోటిమాట సరిపోదు.

లాకు ఎందుకంత ముఖ్యమంటే, కాలువ గట్టు ఎక్కేటప్పుడు వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచిందనుకోండి. మామూలు డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) ఉన్న బండిలో ఆ గాల్లో చక్రమే తిరుగుతూ ఉంటుంది, నేల మీద ఉన్నది కదలదు. తిరిగే చక్రాన్ని బ్రేకు పట్టి ఆపే ఎలక్ట్రానిక్ పద్ధతి చాలా బళ్లలో ఉంది. అది రాళ్ల దారిలో బాగానే పనిచేస్తుంది. లోతు ఇసుకలో మాత్రం అదేపనిగా బ్రేకు పట్టేసరికి బండి ఊపు చచ్చిపోతుంది, బ్రేకులు వేడెక్కుతాయి. లాకు వేస్తే రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి, అంతే. అయితే దాన్ని వదులు నేల మీద, నెమ్మదిగా, తిన్నగా వెళ్లేటప్పుడే వాడండి. మలుపు తిప్పే ముందు తీసేయండి. 4హెచ్‌ని (మామూలు వేగాలకి ఫోర్ బై ఫోర్; 4ఎల్ అంటే లో రేంజిలో ఫోర్ బై ఫోర్) కూడా పొడి తారురోడ్డు మీద వాడకూడదు. ముందు, వెనక యాక్సిళ్లు మలుపులో వేర్వేరు వేగాలతో తిరగాలి, ఆ తేడా జారిపోవడానికి చోటు లేక ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే పెట్టె) మీద బిగుసుకుంటుంది.

ఎంఎక్స్5 ఎందుకు

ప్రారంభ ధరల్లో ఎంఎక్స్5 ఫోర్ బై ఫోర్ మాన్యువల్ 18.79 లక్షలు, ఏఎక్స్7ఎల్ మాన్యువల్ 20.99 లక్షలు. ఇప్పుడు ధరలు మారి ఉంటాయి, ఎక్స్ షోరూమ్ తేడా ఎంతో చూసుకోండి. ఆ తేడాకి పనోరమిక్ సన్‌రూఫ్, పెద్ద సౌండ్ సిస్టమ్, ఏడాస్ (డ్రైవరుకి సాయపడే కెమెరా, రాడారు వ్యవస్థ), 19 అంగుళాల చక్రాలు వస్తాయి. వీటిలో మీ తోట దారికి పనికొచ్చేది ఒక్కటీ లేదు, చివరిదైతే నష్టం కూడా.

చక్రాల లెక్క చూడండి. ఎంఎక్స్5 టైరు 255/65 ఆర్18. ఏఎక్స్7ఎల్ టైరు 255/60 ఆర్19. రెండింటి మొత్తం ఎత్తూ దాదాపు 789 మి.మీ. కానీ రిమ్ముకీ నేలకీ మధ్య రబ్బరు గోడ మొదటిదానికి 166 మి.మీ., రెండోదానికి 153 మి.మీ. ఇసుకలో గాలి దించినప్పుడు టైరు వెడల్పుగా పరుచుకోవడానికి ఆ గోడే కావాలి. గోడ పొట్టిగా ఉంటే రాయి తగిలినప్పుడు రిమ్ము వంగే అవకాశం ఎక్కువ. పైగా 18 అంగుళాల్లో ఆల్ టెర్రైన్ టైర్లు ఎక్కువ రకాలు దొరుకుతాయి, ధర కూడా తక్కువ. షోరూమ్‌లో ఎవరైనా 20 అంగుళాల అల్లాయ్‌లు చూపిస్తే అటు చూడకండి.

ఏడాస్ పనికిరానిదని నేననను. రోజూ విజయవాడ హైవే మీద తిరిగేవాళ్లకి ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగు నిజంగా ప్రాణం కాపాడేదే. మీ హైవే వాడకం ఏడాదికి ఇరవై ముప్పై వేల కిలోమీటర్లు దాటితే ఏఎక్స్7ఎల్ గురించి మళ్లీ ఆలోచించండి. అప్పుడు ముందు బంపరులో రాడారు, అద్దం వెనక కెమెరా ఉంటాయి కాబట్టి బంపరు మార్చడం, బండి ఎత్తు పెంచడం రెండూ మర్చిపోవాలి. వాటి చూపు దెబ్బతింటుంది.

ఈ బండి బలహీనత ముక్కులో లేదు, పొట్టలో ఉంది

బండి కింద భాగం నేలకి తగలకుండా ఎంత వాలు ఎక్కి దిగగలదో కోణాల్లో చెప్తారు. రాక్స్ ముందు కోణం 41.7 డిగ్రీలు, వెనక కోణం 36.1. రెండూ చాలా మంచి అంకెలు. పొట్ట తగలకుండా గట్టు దాటే మధ్య కోణం మాత్రం 23.9 డిగ్రీలే. కారణం వీల్‌బేసు, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం. మూడు డోర్ల థార్‌కి 2450 మి.మీ. ఉంటే రాక్స్‌కి 2850. ముందు చక్రాలు గట్టు దాటి దిగాక, వెనక చక్రాలు ఇంకా ఎక్కకముందు, గట్టు శిఖరం వచ్చి పొట్టకి తగులుతుంది. లంకల్లో కాలువ గట్లు, పొలం గట్లు సరిగ్గా ఈ ఆకారంలోనే ఉంటాయి.

అందుకే నేను డబ్బు పెట్టమనేది పొట్ట కింద. ట్రాన్స్‌ఫర్ కేసు, గేర్‌బాక్సు, డీజిల్ ట్యాంకు కింద ప్లేట్లు. ఉక్కు 4 మి.మీ. మందం ప్లేటు చదరపు మీటరుకి 31 కిలోలు తూగుతుంది, అల్యూమినియం 6 మి.మీ. అయితే 16 కిలోలు. మీ ఇసుకకీ గట్లకీ అల్యూమినియం చాలు. పదునైన రాళ్ల మీదే ఎక్కువ తిరిగేవాళ్లకి ఉక్కు మేలు, అల్యూమినియం రాతిని పట్టుకుని చీరుకుంటుంది, ఉక్కు జారిపోతుంది. కొనేముందు రెండు చూడండి: ఆయిల్ డ్రెయిన్ ప్లగ్గుకి కన్నం ఉందా, బురద రాలిపోవడానికి సందులున్నాయా. రెండోది లేకపోతే ఒండ్రుమట్టి లోపల చేరి ఎండి గట్టిపడుతుంది, గేర్‌బాక్సు చుట్టూ గాలి ఆడదు.

ప్యాకేజీలోని సైడ్ స్టెప్పుల సంగతి కూడా ఇక్కడే వస్తుంది. అవి పల్చటి బ్రాకెట్లతో, గుమ్మం కంటే కిందికి వేలాడుతూ ఉంటాయి. ఉన్న 23.9 డిగ్రీలనీ అవి ఇంకా తగ్గిస్తాయి. గట్టుకి తగిలితే పైకి వంగి డోరు కింద అంచుకి ఆనుకుంటాయి. అప్పుడు డోరు తెరుచుకోదు, గుమ్మం రేకు కూడా నొక్కుకుపోతుంది. వాటికి బదులు చాసిస్‌కి బిగించే స్లైడర్లు తీసుకోండి. బండి బరువు మొత్తం దాని మీద పడినా తట్టుకోవాలి, అదే దానికి పరీక్ష. ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కడానికి మెట్టు కావాలంటే, బయటి గొట్టం కాస్త వెడల్పుగా, పైన గరుకు రేకుతో ఉన్న రకం చూడండి. చాసిస్‌కి కొత్త కన్నాలు వేసి గానీ, వెల్డింగు చేసి గానీ బిగిస్తామంటే వద్దనండి. ఉన్న కన్నాలకే బోల్టు పడే కిట్లు దొరుకుతాయి.

ప్యాకేజీలో మిగతావి

బుల్ గార్డు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వీటిమీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి లేఖ రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం కుదరదు. 2019 సవరణ తర్వాత 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. చట్టం పక్కన పెట్టినా, గుద్దుకున్నప్పుడు నలగాల్సిన ముందు భాగం నలగకుండా దెబ్బ నేరుగా చాసిస్‌కి పోతుంది. ఎయిర్‌బ్యాగు తెరుచుకునే సమయం లెక్క తప్పొచ్చు. అడ్డొచ్చిన మనిషికి తగిలే దెబ్బ చాలా ఘోరంగా ఉంటుంది. షోరూమే బిగించి ఇచ్చినా జరిమానా మాత్రం మీ పేరు మీదే.

రూఫ్ క్యారియరు. మాన్యువల్లో పైకప్పు మోసే బరువు రాసి ఉంటుంది, అందులోంచి క్యారియరు సొంత బరువు తీసేస్తే మిగిలేదే మీది. పీచుతో ఉన్న కొబ్బరికాయ కిలో పైనే తూగుతుంది, యాభై కాయలు పైన కట్టారంటే ఆ హద్దు దాటినట్టే అనుకోండి. పక్కవాలు దారిలో పైన బరువుంటే బండి ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. కాయలు లోపల వేయండి, ఎక్కువుంటే ఆటో మాట్లాడుకోండి.

పైన ఎల్ఈడీ బారు. మారేడుమిల్లి ఘాటులో మంచు పట్టినప్పుడు అంత ఎత్తునుంచి తెల్ల వెలుగు వేస్తే మంచు తెరకి తగిలి మీ కళ్లలోకే తిరిగొస్తుంది. బానెట్ మీద కూడా మెరుస్తుంది. రోడ్డు మీద వేస్తే ఎదుటివాడికి కళ్లు కనపడవు, అది నేరం కూడా. కావాలంటే తర్వాత బంపరు ఎత్తులో రెండు చిన్న లైట్లు పెట్టుకోండి, తోటలో మాత్రమే వాడండి. రెండూ కలిపి 120 వాట్లయితే 10 ఆంపియర్లు. దానికి 15 ఆంపియర్ల ఫ్యూజు, రిలే, 2.5 చదరపు మి.మీ. రాగి తీగ, అన్నీ నేరుగా బ్యాటరీ నుంచి. కంపెనీ వైరింగును ఎక్కడా కోయనివ్వకండి. వైరు కోసి అతుకేసిన బండికి ఎలక్ట్రికల్ వారంటీ అడిగితే మొదట చూపించేది ఆ అతుకునే.

అండర్ బాడీ కోటింగు. అక్కడ కొట్టేది ఎక్కువగా తారులాంటి నల్ల రంగు. రాయి తగిలి ఒకచోట పగిలితే లోపలికి నీరు చేరి, పైకి కనపడకుండా కింద తుప్పు పాకుతుంది. హడావిడిగా కొట్టేటప్పుడు డ్రెయిన్ కన్నాలు, రబ్బరు బుష్షులు, యాక్సిల్ బ్రీదర్లు (యాక్సిల్లోకి గాలి వచ్చిపోయే గొట్టాలు) కూడా మూసేస్తారు. తుప్పు భయం ఉంటే చాసిస్ గొట్టాల లోపల మైనం రకం స్ప్రే వేయించండి. అంతకంటే ముఖ్యం, సముద్రతీరానికో ఉప్పుకయ్యల వైపో వెళ్లొచ్చిన రోజునే కింద మంచినీళ్లతో కడగడం.

సీట్ కవర్లు. రాక్స్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి, పక్క బ్యాగు ముందు సీటు వీపు అంచులోంచి తెరుచుకుంటుంది. ఆ చోట కుట్టు విడిపోయేలా తయారుచేసిన కవరైతే వేయించుకోవచ్చు. చుట్టూ గట్టిగా కుట్టేసిన కవరు బ్యాగును ఆపేస్తుంది. తోట బురదకి కవర్లకంటే అంచులు లేచిన రబ్బరు మ్యాట్లు ఎక్కువ పనికొస్తాయి.

ముందు కొనాల్సినవి

ఇసుకలో బండి నడవడంలో ముప్పాతిక వంతు గాలి దగ్గరే తేలిపోతుంది. డోరు పక్క స్టిక్కరు మీద ఉన్న పీఎస్ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత) రోడ్డుకి. మట్టి, గతుకుల దారికి 24 దాకా దించండి. గోదావరి పొడి ఇసుకకి 16 నుంచి 18. 15 కిందికి దిగితే మలుపులో టైరు రిమ్ము మీదనుంచి ఊడొచ్చు. గాలి దించాక వేగం తగ్గించండి, స్టీరింగు ఒక్కసారిగా తిప్పకండి, ఇసుకలో ఆగాల్సొస్తే బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటరు వదిలి దానంతటదే ఆగనివ్వండి. బ్రేకు తొక్కితే చక్రాల ముందు ఇసుక కుప్ప పడుతుంది.

తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపాలి కాబట్టి కంప్రెసరు తప్పదు. నిమిషానికి 35 లీటర్ల చిన్నది ఒక్కో టైరుకి అయిదారు నిమిషాలు తీసుకుంటుంది, 70 లీటర్లది అందులో సగం. బ్యాటరీకి క్లిప్పులతో తగిలించే రకం కొనండి. సిగరెట్ లైటరు సాకెట్‌కి పెట్టే పెద్ద కంప్రెసరు ఫ్యూజు కాల్చేస్తుంది. విడిగా ఒక మంచి గేజి కూడా ఉండాలి.

ఒండ్రుమట్టి వేరే సంగతి. పైన పొర ఎండి పగుళ్లిచ్చి గట్టిగా కనపడుతుంది, కింద గుజ్జు. గాలి దించితే కొంత మేలేగానీ ఇసుకలో అంత కాదు, జిగురుమట్టి టైరు గాళ్లలో నిండి నున్నగా అయిపోతుంది. కొత్త దారిలోకి దిగేముందు కర్రతో పొడిచి చూడడం అన్నిటికంటే చౌక యాక్సెసరీ. ఒక పార, రెండు ట్రాక్షన్ బోర్డులు (దిగబడిన చక్రం కింద పెట్టే పళ్ల పలకలు) వెనక పడేసుకోండి. బోర్డు పెట్టేముందు చక్రం ముందున్న మట్టి తవ్వాలి. తవ్వకుండా తోస్తే చక్రం బోర్డు మీదే తిరిగి పళ్లు కరిగిపోతాయి.

లాగే సామాను గురించి జాగ్రత్తగా చదవండి, ఇక్కడ తప్పు చేస్తే మనిషి పోతాడు. సాగే నైలాన్ కైనెటిక్ రోపు, 9 మీటర్లది, 19 నుంచి 22 మి.మీ. మందం. దాని తెగే బలం నిండు బండి బరువుకి మూడు రెట్లకి తగ్గకూడదు. దాంతోపాటు రోపుని బండికి తగిలించడానికి రెండు సాఫ్ట్ షాకిళ్లు (తాడుతో చేసిన కొలికీలు), లేదా 4.75 టన్నుల బో షాకిళ్లు (పిన్నుతో బిగించే ఇనుప కొలికీలు). బో షాకిల్ పిన్ను పూర్తిగా బిగించి పావు చుట్టు వెనక్కి తిప్పండి, లేకపోతే లాగాక ఊడిరాదు. లారీలో బండిని కట్టేయడానికి ఇచ్చే కొక్కేలకి గానీ, ట్రెయిలర్ బాలుకి గానీ రోపు తగిలించకూడదు. అవి విరిగితే తూటాల్లా వస్తాయి. బంపరులో మర తిప్పి పెట్టే కన్ను మామూలు రోడ్డు మీద మెల్లగా, తిన్నగా లాగడానికే. కైనెటిక్ రోపుకి చాసిస్‌కి బిగించిన, బరువు రేటింగు రాసి ఉన్న పాయింటు కావాలి. రోపు లాగేటప్పుడు చుట్టూ మనుషులు రోపు పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరంలో ఉండాలి.

మీ ఊళ్లో ట్రాక్టరు దొరుకుతుంది, అందుకే విన్చి (ముందు బంపరుకి బిగించి, తాడు చుట్టి బండిని లాగే మోటారు) వద్దంటున్నాను. విన్చి, దానికి తగిన బంపరు కలిపితే ముక్కు మీద 80, 90 కిలోలు పడతాయి, ముందు స్ప్రింగులు దిగుతాయి, చట్టం గొడవ సరేసరి. కానీ ట్రాక్టరు వాళ్లు తెచ్చేది గొలుసు. గొలుసుతో కుదుపు ఇస్తే తెగుతుంది, లేదా బండి కొక్కెం ఊడుతుంది. ట్రాక్టరుతో లాగించాల్సొస్తే సాగని వెడల్పు బెల్టు మీదే ఉంచుకోండి, ముందు బిగువు పట్టి, తర్వాత మెల్లగా, కుదుపు లేకుండా లాగమనండి.

నీళ్లు

రాక్స్‌కి కంపెనీ చెప్పే లోతు 650 మి.మీ. మీ టైరు పై అంచుకి సుమారు 14 సెం.మీ. కింద. నీటి మట్టం అంతవరకేనని తెలిసిన కాలువకి స్నోర్కెల్ (ఇంజనుకి పైకప్పు ఎత్తునుంచి గాలి తెచ్చే గొట్టం) అక్కర్లేదు, ఫెండరు కోసి వారంటీ పోగొట్టుకోవడం తప్ప. బ్రీదర్ గొట్టాలు ఎక్కడిదాకా వచ్చాయో మాత్రం చూపించుకోండి. వేడెక్కిన యాక్సిల్ చన్నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి ఆయిల్ సీలు సందులోంచి నీళ్లు పీలుస్తుంది. లోతు నీళ్లు దాటాక డిఫరెన్షియల్ ఆయిల్ పాలు కలిపినట్టు కనపడితే వెంటనే మార్పించాలి. నీళ్లలో ఇంజను ఆగిపోతే మళ్లీ సెల్ఫు కొట్టకండి. సిలిండర్లో నీరుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మామూలు ఇన్సూరెన్సు ఆ ఖర్చు ఇవ్వదు, ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ తీసుకోండి.

బిల్లు, ఇన్సూరెన్సు

యాక్సెసరీలు కొంటేనే బండి ఇస్తామనే హక్కు ఎవరికీ లేదు, రాతపూర్వకంగా అడిగితే ఆ మాట అక్కడే ఆగిపోతుంది. లైఫ్ ట్యాక్సు ఎక్స్ షోరూమ్ ధర మీద పడుతుంది, అంటే పై వేరియంట్‌కి పోతే ట్యాక్సు కూడా పెరుగుతుంది. విడి బిల్లు మీద తర్వాత కొన్న సామానుకి ఆ బాధ లేదు. లోనులో యాక్సెసరీలు కలిపితే మ్యాట్ల మీద కూడా ఏళ్ల తరబడి వడ్డీ కడతారు. ప్లేట్లు, స్లైడర్లు బిగించే ముందు వారంటీ మీద ప్రభావం ఏమిటో సర్వీసు సెంటర్లో మెయిల్లో అడిగి జవాబు దాచుకోండి. బిగించాక ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పి పాలసీలో రాయించండి. ఎలక్ట్రికల్ సామానుకి విలువలో 4 శాతం అదనపు ప్రీమియం ఉంటుంది. రాయించని వస్తువు పోతే రూపాయి రాదు.

డెలివరీ రోజు షోరూమ్ పక్కనున్న మట్టి నేల మీద 4హెచ్, 4ఎల్, వెనక లాకు మూడూ వేసి చూడండి, డాష్‌లో లైటు వెలిగి ఆరుతోందో గమనించండి. అయిదు టైర్లూ ఒకే సైజా, ఒకే రకమా చూడండి. సైజు తేడా ఉన్న స్పేరుతో ఫోర్ బై ఫోర్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది. టైరు మీద నాలుగంకెల తేదీ కోడులో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. టైర్లు సమంగా అరగడానికి చోట్లు మార్పించేటప్పుడు అయిదో టైరునీ వరసలో కలపండి. ప్లేట్లు, స్లైడర్లు బిగించాక 500 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి కిందకి దూరి, ప్రతి బోల్టునీ టార్క్ రెంచితో మళ్లీ బిగించండి. గతుకులకి మొదట వదులయ్యేవి అవే.